ప్రమాదం – పమాదం: పొరపాటు ఎవరిది?



ధమ్మ బంధువులారా, ఈసారి ఒక్క మాట పట్టుకుని మాట్లాడుకుందాం. ఆ మాట ప్రమాదం.

తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంటు. బస్సు బోల్తా పడితే ప్రమాదం, కరెంటు షాకు కొడితే ప్రమాదం. ఎక్కడి నుంచో వచ్చి మన మీద పడిందన్నట్టు వాడతాం. పాళీలో ఇదే మాట పమాదం. దానికి అర్థం యాక్సిడెంటు కాదు, ఏమరుపాటు. మనం చెప్పుకునే అయిదో శీలంలో ఈ మాట ఉంది. మత్తు ఎందుకు వద్దన్నారంటే అది ఏమరుపాటుకు చోటిస్తుంది గనుక. బుద్ధుడు పరినిబ్బానానికి ముందు భిక్ఖులకు చివరిగా చెప్పింది కూడా అప్పమాదం గురించే, అంటే ఏమరుపాటు లేకుండా ఉండమనే.

ఒకే మాటకి రెండు భాషల్లో రెండు అర్థాలు. ఒకటి బయట జరిగిన సంఘటన, రెండోది లోపల ఉన్న మనసు స్థితి. ఈ రెండింటి మధ్య ఏముంది? చేయి తప్పినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది? అందరూ ఒకేలా పొరపాటు పడతారా? చివరికి తప్పు ఎవరి మీద వేయాలి? ఇవి చదువుకున్నవాళ్లు తీరిగ్గా మాట్లాడుకునే సంగతులని అనుకోవద్దు. పొరపాటు జరిగితే ముందు చచ్చేది, తర్వాత నింద మోసేది ఎక్కువగా మన మనుషులే.

రెండు తేలిక జవాబులు

మా నెమలి చుట్టుపక్కల ఊళ్లలో మిర్చి, పత్తి వేస్తారు. కలుపు మందు కొట్టిన పంపుని సరిగా కడక్కుండా అదే పంపుతో మిర్చి తోటకి పురుగు మందు కొడితే తోట మాడిపోతుంది. ఇది తెలియని కూలీ లేడు, తెలియని కౌలు రైతు లేడు. అయినా జరుగుతుంది. లైను మీద పనిచేసే మనిషి సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. తీసుకుని, లైనులో కరెంటు లేదని తేల్చుకున్నాకే స్తంభం ఎక్కాలి. ఈ సంగతీ ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అయినా స్తంభం మీద ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

అలాంటి రోజున ఊరంతా రెండే మాటలు అంటుంది. ఒకటి, 'వాడి ఖర్మ'. రెండు, 'వాడి నిర్లక్ష్యం'.

మొదటి మాటని మనం వదిలేశాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నప్పుడే దాన్ని వదిలేశాం. పోయిన జన్మలో చేసిన దానికి ఈ జన్మలో అనుభవిస్తున్నావని చెప్పి మన తాతలను వెట్టిలో ఉంచారు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' పుస్తకంలో బాబాసాహెబ్ ఆ పూర్వజన్మ ఖర్మ సిద్ధాంతాన్ని ప్రశ్నించి పక్కన పెట్టారు.

కానీ రెండో మాట ఇంకా మన నోట్లో ఉంది. 'వాడే చూసుకోవాల్సింది' అని మనమే అంటాం. ఖర్మ అన్నా, నిర్లక్ష్యం అన్నా జరిగే పని ఒకటే. విచారణ అక్కడితో ఆగిపోతుంది. చచ్చినవాడి దగ్గరే కథ ముగుస్తుంది.

కంటకాపల్లి

2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి ఏడు గంటల వేళ, విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పట్టాల మీద నెమ్మదిగా పోతున్న విశాఖ – పలాస ప్యాసింజరుని వెనక నుంచి విశాఖ – రాయగడ ప్యాసింజరు గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. రాయగడ బండి నడుపుతున్న లోకో పైలట్, ఆయన అసిస్టెంటు కూడా పోయారు. ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయి ఉన్నాయి. అలాంటి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోవాలి. రాయగడ బండి రెండు సిగ్నళ్ల దగ్గర ఆ నియమం పాటించలేదని మొదటి విచారణ తేల్చి, బాధ్యత ఆ ఇద్దరి మీద పెట్టింది.

కొన్ని నెలల తర్వాత, 2024 మార్చిలో, ఆ ఇద్దరూ ఫోనులో క్రికెట్ చూస్తూ బండి నడిపారని రైల్వే మంత్రి అన్నారు. ఆ రోజు ఇండియా, ఇంగ్లండు ప్రపంచ కప్ మ్యాచ్ ఉంది. మాట దేశమంతా పాకింది. తర్వాత వచ్చిన భద్రతా విచారణ ఆ మాటను బలపరచలేదని పత్రికలు రాశాయి. కానీ క్రికెట్ కథ పాకినంత వేగంగా ఆ వార్త పాకలేదు. జవాబు చెప్పుకోవడానికి ఆ ఇద్దరూ బతికి లేరు.

ఆ ఇద్దరి మనసులో ఆ నిమిషాన ఏముందో ఎవరూ చెప్పలేరు. మనం చూడాల్సింది మన సంగతి. క్రికెట్ కథ అంత త్వరగా ఎందుకు నమ్మాం? దోషి ఒక్కడు దొరికితే మనకు హాయిగా ఉంటుంది. సిగ్నళ్లు ఎందుకు చెడ్డాయి, ముందున్న బండిని గుర్తించి దానంతటదే బ్రేకు వేసే ఏర్పాటు ఆ దారిలో ఎందుకు లేదు అనే ప్రశ్నలు బరువైనవి. ఫోను చూశాడనే కథ తేలికైనది.

మెదడు ఏం చెబుతోంది

చేయి తప్పిన క్షణంలో మెదడులో ఏం జరుగుతుందో శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా చూస్తున్నారు. తలకు చిన్న చిన్న లోహపు బిళ్లలు అతికించి, మెదడులో పుట్టే విద్యుత్తును గీతలుగా రాసుకునే పద్ధతి ఉంది. ఆస్పత్రిలో ఈఈజీ అంటారు. మనిషిని కూర్చోబెట్టి తెర మీద గుర్తులు చూపిస్తూ, ఈ గుర్తుకు ఈ బటన్, ఆ గుర్తుకు ఆ బటన్ నొక్కు, త్వరగా నొక్కు అంటారు. త్వరపడితే మనిషి పొరపాటు చేస్తాడు.

1990ల మొదట్లో జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలో గెరింగ్ బృందం వేరువేరుగా ఒక సంగతి గమనించాయి. తప్పు బటన్ నొక్కగానే, సెకనులో పదో వంతు కూడా గడవకముందే, మెదడు ముందు భాగం లోపలి నుంచి ఒక విద్యుత్ కుదుపు వస్తుంది. 'అయ్యో' అని నోరు అనక ముందే, తప్పు చేశానని మనిషి గ్రహించక ముందే మెదడు గంట కొట్టేస్తుంది. కాసేపటికి, సెకనులో మూడో వంతు గడిచేలోగా, ఇంకో అల వస్తుంది. తప్పు చేశాననే ఎరుక ఈ రెండో అలతో ముడిపడి ఉందని చెబుతారు. మొదటిది గంట. రెండోది గంట విని తలతిప్పి చూడటం.

పొరపాటు తర్వాత మనిషి చేయి కాస్త నెమ్మదిస్తుందని 1960లలోనే కనిపెట్టారు. మెదడు తనంతట తానే జాగ్రత్త పడుతుంది. అంటే దిద్దుకునే గుణం మనిషి నిర్మాణంలోనే ఉంది. దాన్ని బయటి నుంచి కొట్టి పెట్టనక్కర్లేదు.

2008లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి విసుగొచ్చే పని ఒకటి మళ్లీ మళ్లీ చేయించారు. పొరపాటుకు ముప్పై సెకన్ల ముందు నుంచే మెదడు పనితీరు మారడం మొదలైందని తేలింది. పని మీద పెట్టాల్సిన శ్రమ తగ్గుతూ వచ్చింది, ఊరికే ఉన్నప్పుడు పనిచేసే భాగాలు మెల్లగా లేచాయి. మన తెలుగువాళ్లు దీన్ని ఎప్పుడో చెప్పుకున్నారు: అలవాట్లో పొరపాటు. పని చేతికి బాగా వచ్చేసిన చోటే మనసు జారుకుంటుంది. పని రాకపోవడం వేరు, వచ్చిన పనిలో ఏమరడం వేరు. అందుకే కొత్త కూలీ ఒక్కడే కాదు, పాతికేళ్ల అనుభవం ఉన్న లైన్‌మన్ కూడా పోతాడు.

స్వభావం, కానీ వర్ణం కాదు

ఆ గంట అందరిలో ఒకే జోరుతో మోగదు. ఎప్పుడూ దిగులుపడే స్వభావం ఉన్నవాళ్లలో, తలుపు వేశానా లేదా అని పదిసార్లు చూసుకునేవాళ్లలో సగటున అది గట్టిగా మోగుతుంది. తొందరపాటు మనుషుల్లో, మత్తుకు అలవాటు పడినవాళ్లలో సగటున మెల్లగా మోగుతుంది. గట్టిగా మోగినంత మాత్రాన తప్పులు తగ్గిపోతాయనీ కాదు. దిగులు మనిషి గంట మోతకే బెదిరి, చేతిలో పని వదిలేసి గంటనే వింటూ కూర్చోవచ్చు. తొందర మనిషి గంట వినకుండా దాటిపోవచ్చు.

ఇక్కడ మనం జాగ్రత్త పడాలి. స్వభావం అనే మాట మన దేశంలో అమాయకమైన మాట కాదు. గుణాన్ని బట్టి నాలుగు వర్ణాలు అన్న చోటు నుంచే మనల్ని ఊరవతలికి నెట్టారు. 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ దీనికి జవాబు చెప్పారు. మనుషులను నాలుగు డబ్బాల్లో సర్దడం కుదరదు, ఒక్కొక్క మనిషి ఒక్కో తీరు అన్నారు. మెదడు పరిశోధన చెప్పే స్వభావం కూడా డబ్బా కాదు. ఒకే ఇంట్లో అన్న దిగులు మనిషి, తమ్ముడు తొందర మనిషి కావచ్చు. పైగా పెరిగిన తీరుతో, పడిన దెబ్బలతో, చేసిన సాధనతో అది మారుతుంది.

2012లో అచ్చయిన ఒక జర్మన్ ప్రయోగంలో కొన్ని పొరపాట్లకు చెవులు అదిరే శబ్దం శిక్షగా వినిపించారు. శిక్ష ఉన్న పొరపాట్లకు మెదడు గంట ఇంకా గట్టిగా మోగింది. తర్వాత శబ్దం ఆపేశారు. అయినా గంట జోరు తగ్గలేదు. శిక్ష పోయింది, భయం మెదడులో మిగిలింది.

ఈ సంగతి చదివినప్పుడు మన ఇళ్లూ మన బడులూ గుర్తుకు రావాలి. చెంబు పడేసిందని, లెక్క తప్పు చేశాడని పిల్లల్ని కొట్టే ఇళ్లు మనలో ఎన్ని లేవు? దెబ్బ ఆ రోజుతో పోతుందనుకుంటాం. ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరాక కూడా ప్రతి చిన్న పొరపాటుకీ లోపల ఉలిక్కిపడుతూనే ఉండొచ్చు.

వీణ తీగ

ఒత్తిడి సంగతి చూద్దాం. సోణుడనే భిక్ఖువు సాధనలో ఒళ్లు హూనం చేసుకుని, ఇక నా వల్ల కాదనుకున్నాడు. ఆయన గృహస్థుగా ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలికిందా, మరీ వదులు చేస్తే పలికిందా అని బుద్ధుడు అడిగాడు. రెండూ పలకవు. 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకల మీద ప్రయోగం చేసి దాదాపు ఇలాంటి సంగతే తేల్చారు. కష్టమైన పని నేర్వడానికి ఒత్తిడి కొంతవరకే సాయపడుతుంది, దాటితే చెడగొడుతుంది.

ఎందుకు చెడగొడుతుంది? నుదుటి వెనక ఉన్న మెదడు భాగం ఆలోచించి ఆగే పని చేస్తుంది. ఒత్తిడి హద్దు మీరినప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాలు ఆ భాగాన్ని మందగింపజేస్తాయి. అప్పుడు పెత్తనం భయానికీ పాత అలవాటుకీ పోతుంది. మనిషి చూస్తాడు గానీ తూచడు. ఎప్పుడూ చేసేదే చేసేస్తాడు.

నిద్ర లేకపోతే ఇంకా ఘోరం. 1997లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధనలో పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుకి సమానంగా పడిపోయింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. తాగి నడిపితే జైలు. రెండో డ్యూటీ కూడా చేయించి నిద్రమత్తులో బండి ఇచ్చి పంపిన యజమానికి ఏమవుతుంది? అయిదో శీలం పమాదానికి చోటివ్వొద్దు అంటోంది. నిద్ర దోచుకోవడం కూడా పమాదానికి చోటివ్వడమే. శీలం తాగేవాడికే అని కాకుండా, నిద్ర దోచేవాడికీ వర్తించేలా చదువుకోవాలి.

కులం అనే ఒత్తిడి

బరువు అందరి మీదా సమానంగా లేదు. మన మీద ఇంకో బరువు అదనం.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత కాగితం మీద దారి వెతికే పజిళ్లు చేయించారు. 2004లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. ఎవరి కులమేదో చెప్పకుండా చేయించినప్పుడు పైకులాల పిల్లలకీ దళిత పిల్లలకీ తేడా లేదు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివి, అప్పుడు చేయించినప్పుడు దళిత పిల్లలు పూర్తిచేసిన పజిళ్లు దాదాపు అయిదో వంతు తగ్గిపోయాయి. పిల్లలు వాళ్లే, పజిలూ అదే. మధ్యలో వచ్చింది కులం పేరు ఒక్కటే.

ఈ ప్రయోగంలో మెదడు గీతలు తీయలేదు. అయినా మనకు అర్థమయ్యే సంగతి ఒకటుంది. పైకులం డాక్టరు పొరపాటు చేస్తే, ఆ డాక్టరు పొరపాటు చేశాడంటారు. మన పిల్ల డాక్టరయ్యి పొరపాటు చేస్తే, 'రిజర్వేషన్ డాక్టర్లు ఇంతే' అంటారు. మన పొరపాటును మన ఒక్కరిదిగా ఉండనివ్వరు, జాతి మొత్తానికి అంటగడతారు. అందుకే మనవాడు ఆఫీసులో ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు చేతితో పాటు వేలమంది పరువు మోస్తూ పెడతాడు. అంత బరువు మోసే చేయి వణికితే, వణికింది చూడు అంటారు. బరువు పెట్టిందెవరని అడగరు.

స్తంభం మీది కాంట్రాక్టు మనిషి సంగతీ ఇంతే. ఎల్.సి. వచ్చిందో లేదో ఇంకోసారి అడిగితే, 'నీకే తెలుసా, ఎక్కు' అంటారు. ఎదురు మాట్లాడితే రేపు పని ఉండదు. కౌలు రైతు అప్పుల లెక్క తలలో తిరుగుతుండగా మందు కలుపుతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడమే చట్టం ప్రకారం నేరం. అయినా దించి, లోపల ఊపిరాడక పోతే 'జాగ్రత్త పడలేదు' అంటారు.

అయితే ఎవరికీ బాధ్యత లేదా?

ఇక్కడ ఒక అన్న లేచి అడుగుతాడు: 'మెదడు, ఒత్తిడి, కులం అని చెప్పి అందర్నీ వదిలేద్దామా? మన బిడ్డని బస్సు గుద్దితే డ్రైవరు మెదడులో గంట మోగలేదని సరిపెట్టుకుందామా?' న్యాయమైన ప్రశ్న. దాటవేయకూడదు.

వినయ పిటకంలో ఒక కేసు ఉంది. భిక్ష కోసం ఒక ఇంటికి వెళ్లిన భిక్ఖు అక్కడ ఉన్న పీట మీద కూర్చున్నాడు. పీట మీద గుడ్డ కప్పి పసిబిడ్డను పడుకోబెట్టారని ఆయనకు తెలియదు. బిడ్డ చనిపోయాడు. మనిషి ప్రాణం తీసిన భిక్ఖుకు సంఘంలో చోటు లేదు. ఆయన కుమిలిపోతూ బుద్ధుడి దగ్గరకు వెళ్లాడు. బుద్ధుడు అడిగింది చేతన గురించి, అంటే ఏం తలచి చేశావని. చంపాలనే తలపు లేదు. కాబట్టి చంపిన దోషం లేదన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. ఇకపై చూసుకోకుండా ఆసనం మీద కూర్చోకూడదు, కూర్చుంటే అది తప్పు అని సంఘానికి నియమం పెట్టాడు.

ఈ తీర్పుని నిదానంగా చూడండి. ఖర్మ అనలేదు. హంతకుడు అనలేదు. పోన్లే అని కూడా అనలేదు. ఒక మనిషిని నలిపేయకుండా వదిలి, ఆ పొరపాటు మళ్లీ జరగకుండా అందరి అలవాటునీ మార్చాడు.

చక్ఖుపాలుడి కథా అలాంటిదే. చూపు లేని ఆ వృద్ధ భిక్ఖు వాన వెలిసిన నేల మీద నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చాయి. తోటి భిక్ఖులు ఫిర్యాదు చేశారు. ఆయనకు కనపడలేదు, చంపాలనీ లేదు, దోషం లేదన్నాడు బుద్ధుడు. ఆ కథకు అట్ఠకథలో పూర్వజన్మ తోక ఒకటి తగిలించారు. బాబాసాహెబ్ చూపిన దారిలో నడిచే మనకు ఆ తోకతో పని లేదు.

కాబట్టి ఒక పొరపాటు ముందు మనం మూడు ప్రశ్నలు అడగాలి. కావాలని చేశాడా? అది తప్పు, దానికి శిక్ష ఉంది. ఏమరి చేశాడా? అది పొరపాటు, దానికి దిద్దుబాటు కావాలి. ఏమరేలా చేసిందెవరు? మూడో ప్రశ్నే ఎవరూ అడగరు. తాగి స్టీరింగు పట్టినవాడు ఏమరుపాటును తానే కొని తెచ్చుకున్నాడు, అతను మొదటి ప్రశ్నకే జవాబు చెప్పాలి. పదహారు గంటలు నిలబెట్టించిన చోట కన్ను మూతపడినవాడి సంగతి వేరు. అక్కడ మూడో ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు ఏసీ గదిలో ఉంటాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ అక్కడి లోపాలు వరసగా రాసింది. ట్యాంకులో వేడి చూసే ఏర్పాటు అడుగున ఉంది, పైన వేడి పెరిగితే తెలిసే దారి లేదు. రసాయనం గడ్డకట్టకుండా ఆపే మందు కావలసినంత నిల్వ లేదు. సైరను మోగించే చోట్లు ముప్పై ఆరు ఉన్నాయి, ఒక్కటీ మోగలేదు. ఆ రాత్రి షిఫ్టులో ఉన్న ఒక్క మనిషి ఏమరుపాటుతో ఇది ముగియదు. ఏళ్ల తరబడి కుర్చీల్లో కూర్చుని సంతకాలు పెట్టిన పమాదం ఇది. మనిషి మెదడులో ఉన్నట్టే సంస్థకీ ఒక గంట ఉండాలి. ఆ గంట తీగ తెంపినవాడికి చేతన లేదని ఎలా అంటాం? ముందే తెలిసి ఖర్చు మిగుల్చుకోవడం ఏమరుపాటు కాదు.

నియమం, సూత్రం

బాబాసాహెబ్ 'కులనిర్మూలన'లో నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం ఇలా చెయ్యి అని చెబుతుంది. సూత్రం ఎందుకో చెప్పి, ఆలోచన నీకు వదులుతుంది. నియమానికి తలవంచి చేసేదాంట్లో బాధ్యత లేదు, ధర్మం అనేది బాధ్యత గల పని కావాలన్నారు.

రైలుకీ స్తంభానికీ నియమాలు తప్పనిసరి. కానీ నియమం తప్పితే ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే ఉన్న చోట మనిషి ప్రమాదాన్ని చూడటం మానేసి పై అధికారిని చూస్తుంటాడు. చిన్న పొరపాటు జరిగితే దాచేస్తాడు. దాచిన చిన్న పొరపాట్లే ఒకరోజు పెద్ద ప్రమాదమై బయటికొస్తాయి. శిక్షతో జాగ్రత్త పెరుగుతుందనుకుంటాం, కానీ ముందు పెరిగేది దాచడం.

భిక్ఖు సంఘం దీనికి 2500 ఏళ్ల కిందటే ఒక దారి వేసుకుంది. వస్సావాసం చివర పవారణ చేస్తారు. ఒక్కో భిక్ఖు సంఘం ముందు చేతులు జోడించి, నా విషయంలో మీరు చూసినది గానీ, విన్నది గానీ, అనుమానించినది గానీ ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటానని అడుగుతాడు. పెద్ద భిక్ఖువే ముందు అడుగుతాడు. పై నుంచి మొదలవుతుంది కాబట్టే కింది వాడికి నోరు వస్తుంది.

మనం చేయగలిగినవి

చిన్నవాడైన రాహులుడికి బుద్ధుడు అద్దం చూపించి, ఇది ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు. అలాగే పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత, మూడుసార్లు చూసుకో అన్నాడు. పంపు ఎత్తే ముందు ఒకసారి డబ్బా పేరు పైకి చదవడం, స్తంభం ఎక్కే ముందు ఎల్.సి. ఏ లైనుకో నోటితో చెప్పించుకోవడం ఈ అద్దమే. అలవాట్లో జారిన మనసుని ఆ ఒక్క మాట వెనక్కి పిలుస్తుంది.

ఆనాపానసతి కూర్చునేవాళ్లు మానొద్దు. 2013లో కెనడాలో చేసిన ఒక పరిశోధనలో ధ్యానం అలవాటున్నవాళ్ల మెదడు పొరపాటుకి గట్టిగానే గంట కొట్టింది, వాళ్లు తప్పులూ తక్కువ చేశారు. వచ్చిన భావాన్ని బెదరకుండా ఒప్పుకునే గుణం వాళ్లలో ఎక్కువగా కనిపించింది. గంట వినాలి, గంటకు బెదరకూడదు. సాధన నేర్పేది అదే. కానీ ఒక హెచ్చరిక. ముగ్గురి పని ఒకడితో చేయించి, సాయంత్రం ధ్యానం క్లాసు పెట్టే యజమానికి మన ధమ్మాన్ని అప్పజెప్పొద్దు. నిద్ర, జీతం, రెండో మనిషి, చేతికి తొడుగులు, ఇవి అడగడం కూడా అప్పమాదమే. సంఘం శరణం అంటే అది కూడా.

ఇంట్లో పిల్ల లెక్క తప్పు చేస్తే 'ఎక్కడ జారింది, చూద్దాం రా' అనండి. ఆదివారం వందన తర్వాత విహారంలోనో అంబేడ్కర్ భవనంలోనో ఒక పావుగంట పవారణ పెట్టుకోండి. ముందు పెద్దలు అడగాలి, కార్యదర్శి అడగాలి, తర్వాతే మిగతావాళ్లు. ఊళ్లో ప్రమాదం జరిగితే పరామర్శకు వెళ్లి 'పాపం, చూసుకోలేదు' అనకుండా మూడో ప్రశ్న అడగండి. ఎన్ని గంటల డ్యూటీ? ఎవరు ఎక్కమన్నారు? తొడుగులు ఇచ్చారా? జవాబులు కాగితం మీద రాయండి, తేదీ వేయండి. ఆ కాగితం పోలీసు స్టేషన్లో, లేబరు ఆఫీసులో, కోర్టులో పనికొస్తుంది. చచ్చినవాడి భార్యకు నష్టపరిహారం రావడమూ ఆగిపోవడమూ చాలాసార్లు 'నిర్లక్ష్యం' అన్న ఒక్క మాట ఎవరి పేరు పక్కన రాశారన్న దాని మీద ఉంటుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.